అవే మ్యాచ్ టికెట్లు: ఇంగ్లండ్ వెళ్తున్న శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే చాలు, మన జిల్లాల నుంచి మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళిన పిల్లలూ, వెళ్ళబోతున్న పిల్లలూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ టీవీ ముందు కూర్చుని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులైన ఆర్సెనల్‌నో లివర్‌పూల్‌నో మాంచెస్టర్ యునైటెడ్‌నో చూస్తూ పెరిగినవాళ్ళకి అక్కడ దిగగానే స్టేడియంలో మ్యాచ్ చూడాలనిపిస్తుంది. అది తీరాక ఇంకో కోరిక పుడుతుంది. ఎదుటివాళ్ళ గ్రౌండ్‌లో ఒక మూల నిలబడి తొంభై నిమిషాలూ ఆపకుండా పాడే ఆ రెండు మూడు వేల మందిలో మనమూ ఒకరం కావాలని. ఇదంతా ఆ రెండో కోరిక గురించే, అంటే అవే (away) మ్యాచ్‌లు, మన టీమ్ ఎదుటివాళ్ళ గ్రౌండ్‌కి వెళ్ళి ఆడేవి. నేను కొన్నేళ్ళు అక్కడ ఉద్యోగం చేసి, అవే మ్యాచ్‌లు బాగా తిరిగి, ఇప్పుడు విజయనగరం వచ్చేశాను. అడిగిన ప్రతివాళ్ళకీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు అవే టికెట్‌కీ మామూలు టికెట్‌కీ తేడా ఏంటి?

మన టీమ్ వేరేవాళ్ళ ఊరికి ఆడటానికి వెళ్ళినప్పుడు, ఆ ఊరి క్లబ్బు తన స్టేడియంలో కొంత భాగాన్ని మనవాళ్ళ కోసం విడిగా పెట్టి, ఆ టికెట్లను మన క్లబ్బుకి ఇచ్చేస్తుంది. వాటిని అమ్మేది మన క్లబ్బే. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆర్సెనల్ జట్టు న్యూకాజిల్‌లో ఆడుతుంటే, ఆర్సెనల్ అభిమాని టికెట్ కోసం న్యూకాజిల్ వెబ్‌సైట్‌లో వెతికితే లాభం లేదు, ఆర్సెనల్ దగ్గరే కొనాలి. లోపల ఆ భాగానికి గేటు వేరు, మెట్లు వేరు, టాయిలెట్లు వేరు, తిండి కౌంటర్ కూడా వేరు. రెండు వర్గాలకీ మధ్య కొన్ని వరుసల సీట్లు ఖాళీగా వదిలేసి, స్టీవార్డులు (స్టేడియం భద్రతా సిబ్బంది) వరుసగా నిలబడి ఉంటారు.

కలిసి కూర్చుంటే ఏమవుతుంది? ఇంత కట్టడి అవసరమా?

అవసరమే. దీనికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ జరిగింది. రెండు జట్ల అభిమానులనీ విడదీయకుండా ఒకే స్టాండులో కూర్చోబెట్టారు. గ్రౌండ్‌లో మొదలైన గొడవ స్టాండులోకి పాకి, తొక్కిసలాట జరిగి 16 మంది చనిపోయారు. బెంగాల్‌లో ఇప్పటికీ ఆ తేదీన వాళ్ళని తలుచుకుంటారు.

ఇంగ్లండ్‌లో అందరూ చెప్పేది 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన దుర్ఘటన గురించి. అది కొట్లాట వల్ల జరిగింది కాదని ముందే తెలుసుకోండి. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) సెమీఫైనల్ అది, గ్రౌండ్ రెండు జట్లదీ కాదు. లివర్‌పూల్‌కి అభిమానులు ఎక్కువైనా టికెట్లు తక్కువ ఇచ్చారు, వాళ్ళు లోపలికి వెళ్ళాల్సిన వైపు గేట్లు కూడా తక్కువే. బయట జనం పేరుకుపోయారు. పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచారు గానీ, అప్పటికే నిండిపోయిన మధ్య భాగంలోకి జనం వెళ్ళకుండా ఎవరూ ఆపలేదు. మొత్తం 97 మంది చనిపోయారు. తప్పు అభిమానులదేనని ఏళ్ళ తరబడి నిందలు వేశాక, చివరికి 2016లో జ్యూరీ అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. ఎవరికి ఎన్ని టికెట్లు, ఏ వైపు, ఎన్ని గేట్ల నుంచి అనేవి ఆఫీసులో కూర్చుని తేల్చే లెక్కల్లాగే కనిపిస్తాయి, కానీ వాటి మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ కోటాల విషయం నేను తేలిగ్గా తీసుకోలేను.

ఒక మ్యాచ్‌కి ఎన్ని అవే టికెట్లు ఇస్తారు?

ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో కనీసం 3,000 ఇవ్వాలి. స్టేడియంలో 30,000 కన్నా తక్కువ సీట్లుంటే అందులో 10 శాతం. బోర్న్‌మౌత్ స్టేడియంలో పట్టేదే 11 వేల పైచిలుకు జనం, అంటే అక్కడికి వెళ్ళే ఏ జట్టుకైనా దక్కేవి పదకొండు వందల చిల్లరే. అదే క్లబ్బు 74 వేల మంది పట్టే మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్తే 3,000 వస్తాయి. కాబట్టి సీజన్ షెడ్యూల్ రాగానే ఏ మ్యాచ్‌కి టికెట్ దొరికే అవకాశం ఉందో మీరే ఒక అంచనాకి రావచ్చు. చిన్న గ్రౌండ్లు దాదాపు అసాధ్యం, పెద్ద గ్రౌండ్లలో కొంచెం ఆశ ఉంటుంది.

ఎఫ్ఏ కప్‌లో వచ్చే జట్టు 15 శాతం దాకా అడగవచ్చు, అందుకే ఆ మ్యాచ్‌లలో అవే ఎండ్ (వచ్చిన జట్టు అభిమానులు ఉండే భాగం) చాలా పెద్దగా కనిపిస్తుంది. పోలీసులు, స్థానిక భద్రతా కమిటీ అభ్యంతరం చెబితే తగ్గిస్తారు. యూరప్ పోటీల్లో అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ నిబంధన 5 శాతం. జర్మనీ బుండెస్‌లీగాలో 10 శాతం, స్టేడియం ఎంత పెద్దదైనా సరే. అంటే 80 వేల మంది పట్టే డార్ట్‌మండ్‌కి వెళ్ళే జట్టు వెంట 8 వేల మంది వెళ్ళొచ్చు. నా దృష్టిలో జర్మన్ పద్ధతే న్యాయమైనది. ఇంగ్లండ్‌లో స్టేడియాలు ఏటేటా పెద్దవవుతున్నా ఆ 3,000 మాత్రం కదలడం లేదు, పెరిగిన సీట్లన్నీ హోమ్ క్లబ్బు ఖాతాలోకే పోతున్నాయి.

ఆ 3,000 టికెట్లు మన క్లబ్బు ఎవరికి అమ్ముతుంది?

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

పెద్ద క్లబ్బులకి అవే మ్యాచ్‌లకు వెళ్ళాలనుకునేవాళ్ళు వేలకు వేలు ఉంటారు. ఉన్న టికెట్లు 3,000. అందులో ఆటగాళ్ళ కుటుంబాలకీ స్పాన్సర్లకీ సిబ్బందికీ కొన్ని పోతాయి. వీల్‌చైర్ మీద వచ్చేవాళ్ళకీ వాళ్ళ వెంట ఉండేవాళ్ళకీ విడిగా స్థలం ఉంటుంది. కొన్ని క్లబ్బుల్లో అన్ని అవే మ్యాచ్‌లకీ కలిపి ముందే డబ్బు కట్టేసే పథకం ఉంటుంది, వాళ్ళవి పోతాయి. మిగిలినవి అమ్మకానికి వస్తాయి.

ఆ అమ్మకం లాయల్టీ పాయింట్ల మీద నడుస్తుంది. ఒక అవే మ్యాచ్‌కి వెళ్తే ఇన్ని పాయింట్లని మీ ఖాతాలో చేరతాయి. తర్వాతి మ్యాచ్‌కి ముందు ఎక్కువ పాయింట్లున్న సీజన్ టికెట్‌వాళ్ళకి (సొంత గ్రౌండ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకేసారి కొన్నవాళ్ళకి) రెండు రోజులు తెరుస్తారు, ఆ తర్వాత కొంచెం తక్కువున్నవాళ్ళకి, ఆ తర్వాత ఇంకొంచెం తక్కువున్నవాళ్ళకి. మెట్టు మెట్టుగా దిగుతూ మామూలు మెంబర్ల దాకా వచ్చేసరికి పెద్ద క్లబ్బుల్లో టికెట్లు మిగలవు. రథసప్తమి నాడు అరసవల్లిలో దాతల పాసులు ఎవరికి ముందు అందుతాయో మీకు తెలిసిందే కదా, ఎన్నాళ్ళుగానో ఇస్తున్నవాళ్ళ పేర్లు ముందే రాసి ఉంటాయి. ఇదీ అంతే.

ఈ పద్ధతిలో న్యాయం లేదని నేను అనను. డిసెంబరు చలిలో, మంగళవారం రాత్రి, ఆ మూలనున్న ఊరికి ఐదు గంటలు కోచ్‌లో (బస్సులో) వెళ్ళి, జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడిపోతే చూసి, తెల్లవారుజామున ఇంటికొచ్చి పొద్దున్నే పనికి పోయే మనిషికి పెద్ద మ్యాచ్ టికెట్ ముందు దక్కాలి. అందులో మారుమాట లేదు. కానీ పాయింట్లు ఉన్నవాళ్ళకే టికెట్, టికెట్ దొరికినవాళ్ళకే పాయింట్లు అయితే కొత్తవాళ్ళు లోపలికి వచ్చేదెట్లా? ఇరవై ఏళ్ళ కుర్రాడికి, అతను మనవాడైనా అక్కడి లివర్‌పూల్ వీధిలో పుట్టినవాడైనా, దారి మూసుకుపోతోంది.

అయితే కొత్తవాళ్ళకి దారే లేదా?

ఉంది, తిన్నగా ఉండదు అంతే.

ముందు క్లబ్బు మెంబర్‌షిప్ తీసుకోండి, అది లేనిదే ఏదీ కదలదు. కొన్ని క్లబ్బులు కోటాలో కొంత భాగాన్ని బ్యాలెట్‌లో పెడతాయి, అంటే లాటరీ. పాయింట్లు లేకపోయినా పేరు ఇవ్వొచ్చు, ప్రతి మ్యాచ్‌కీ ఇవ్వండి. యువత కోసం విడిగా కొన్ని పక్కన పెట్టే క్లబ్బులు కూడా ఉన్నాయి, వయసు సరిపోతే అదే మంచి దారి. లీగ్ కప్ తొలి రౌండ్లు, వారం మధ్యలో దూరపు ఊళ్ళలో పడే మ్యాచ్‌లు చాలామంది వదిలేస్తారు, పాయింట్లు మొదలుపెట్టడానికి అలాంటివే సరైనవి.

ఇంకోటి చెప్తాను, దీన్ని తీసిపారేయకండి. మీరు చదివే ఊళ్ళో ఒక చిన్న క్లబ్బు ఉంటుంది, రెండో డివిజన్‌లోనో నాలుగో డివిజన్‌లోనో. వాళ్ళ అవే మ్యాచ్‌లకి టికెట్లు మామూలుగా, ఏ పాయింట్లూ లేకుండా దొరుకుతాయి. ఏడాది పాటు ఆ క్లబ్బు వెంట తిరిగిన మన పిల్లలు కొందరు టీవీలో చూసిన పెద్ద జట్టుని పక్కన పెట్టేశారు. కోచ్‌లో పక్క సీటు పెద్దాయన ఫ్లాస్కులోంచి టీ పోసిస్తాడు, మూడో మ్యాచ్‌కల్లా మన పేరు పెట్టి పిలుస్తాడు. చలి దేశంలో ఒంటరిగా ఉన్న పిల్లలకి అది చిన్న సంగతి కాదు.

పాయింట్ల కోసం టికెట్ కొని, వెళ్ళకుండా వేరేవాళ్ళకి ఇచ్చేసేవాళ్ళు ఉంటారట, నిజమేనా?

నిజమే. వ్యవస్థని లోపల్నుంచి తినేస్తున్నది ఇదే. పాయింట్లు పోకూడదని ప్రతి మ్యాచ్‌కీ టికెట్ కొంటారు, వెళ్ళరు, స్నేహితుడికి ఇస్తారు లేదా ఎక్కువ ధరకి అమ్ముకుంటారు. పాయింట్లు మాత్రం కొన్నవాడి ఖాతాలోనే పడతాయి. అలా సీజన్ అంతా ఇంట్లో కూర్చున్నవాడు పట్టికలో పైన ఉంటాడు, నిజంగా తిరిగినవాడు కింద ఉంటాడు.

దీన్ని అరికట్టడానికి క్లబ్బులు కొన్ని పనులు చేస్తున్నాయి. కొంతమందికి టికెట్ ముందుగా పంపకుండా, మ్యాచ్ రోజున అవే గ్రౌండ్ దగ్గరే ఫోటో ఐడీ చూపించి తీసుకోమంటారు. ఎవరి పేరు వస్తుందో ముందు తెలియదు. టికెట్లు ఫోన్‌లోకి పంపే పద్ధతి వచ్చాక ఎవరి నుంచి ఎవరికి బదిలీ అయిందో క్లబ్బుకి కనిపిస్తోంది. రాలేనివాళ్ళు తిరిగి ఇచ్చేస్తే పాయింట్లు పోవని చెప్పే క్లబ్బులు ఉన్నాయి. నన్ను అడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, ఎందుకంటే మనిషిని దొంగని చేయకుండానే టికెట్ వెనక్కి వస్తుంది. దాంతోపాటు ప్రతి క్లబ్బూ కోటాలో పదో వంతైనా ఎప్పుడూ అవే మ్యాచ్‌కి వెళ్ళనివాళ్ళ కోసం పక్కన పెట్టాలి. అలా చేయకపోతే ఆ మూలన పాడే గొంతులన్నీ ఒక తరంతోనే ముసలివైపోతాయి.

ఐడీ చెకింగ్‌లో మన పేర్లతో ఇబ్బంది ఉంటుందా?

ఉంటుంది, కాబట్టి ముందే సరిచేసుకోండి. ఒక కిటికీ, లోపల ఒకావిడ, ముందు అచ్చు వేసిన పేర్ల జాబితా. స్కేలు పెట్టి ఒక్కొక్క వరుసా కిందికి దించుతూ ఇంటిపేరుతో వెతుకుతుంది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, పేరు రెండు ముక్కలుగా ఇంకోచోట ఉంటాయి. మెంబర్‌షిప్‌లో మనం అలవాటు కొద్దీ ఇంటిపేరుకి ఒక్క అక్షరమే కొట్టి వదిలేస్తాం. జాబితాలో ఆ ఒక్క అక్షరమే ఉంటుంది. వెనక యాభై మంది వరుసలో, లోపల మ్యాచ్ మొదలవుతున్న హోరు, మనకేమో టెన్షన్. మెంబర్‌షిప్ తీసుకునేటప్పుడే పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి.

ధర ఎంత?

ప్రీమియర్ లీగ్ అవే టికెట్ పెద్దవాళ్ళకి 30 పౌండ్లు దాటకూడదు. మన డబ్బుల్లో 3 వేల పైమాటే. ఈ పరిమితి 2016-17 సీజన్ నుంచి ఉంది, అదీ ఊరికే రాలేదు. 2013 జనవరిలో ఆర్సెనల్ గ్రౌండ్‌లో అవే టికెట్ 62 పౌండ్లు పెడితే, మాంచెస్టర్ సిటీ తనకొచ్చిన 3,000లో 900 పైచిలుకు అమ్ముడుపోక వెనక్కి పంపింది. అవే టికెట్ 20 పౌండ్లు చాలంటూ అభిమానుల సంఘాలు ఏళ్ళ తరబడి బ్యానర్లు పట్టుకుని పోరాడాయి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ అభిమానులు సొంత గ్రౌండ్‌లోనే 77 పౌండ్ల టికెట్‌కి నిరసనగా 77వ నిమిషంలో వేలాదిగా లేచి బయటికి నడిచారు. ఆ మరుసటి నెలలో అవే టికెట్లకి 30 పౌండ్ల పరిమితి ప్రకటించారు. అభిమానులు కలిసి నిలబడితే ఏం సాధించవచ్చో దీన్ని చూస్తే తెలుస్తుంది.

యూరప్ పోటీల్లోనూ యూఈఎఫ్ఏ పరిమితి పెట్టింది. 2025-26లో ఛాంపియన్స్ లీగ్ అవే టికెట్ 50 యూరోలు, యూరోపా లీగ్ 35, కాన్ఫరెన్స్ లీగ్ 20 దాటకూడదు.

టికెట్ చవకే, ఖర్చంతా ప్రయాణానికే. క్లబ్బు ఏర్పాటు చేసే కోచ్‌లు రైలుకన్నా చవగ్గా పడతాయి.

టీవీ కోసం మ్యాచ్ టైమ్ మారిస్తే?

మారుస్తారు, తరచుగా. శనివారం మధ్యాహ్నం అనుకున్నది సోమవారం రాత్రికి పోతుంది, మ్యాచ్ అయ్యేసరికి ఆఖరి రైలు ఉండదు. తేదీ ఖాయమయ్యేదాకా రైలు టికెట్ కొనకండి.

బ్లాకులో కొంటే?

వద్దు. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. కచేరీ టికెట్లకి లేని కట్టడి ఫుట్‌బాల్‌కి ఉంది, ఎందుకంటే బ్లాకులో పోయిన టికెట్ రెండు వర్గాలనీ విడదీసిన గీతని చెరిపేస్తుంది. అమ్మేవాడిదే నేరమైనా నష్టపోయేది మీరే. సోషల్ మీడియాలో స్క్రీన్‌షాట్ పంపి డబ్బులు వేయించుకుని మాయమయ్యేవాళ్ళు కోకొల్లలు, వాళ్ళకి కొత్తగా దిగిన విదేశీ విద్యార్థులంటే మరీ ఇష్టం. ఫోన్‌లోకి వచ్చే అసలు టికెట్ స్క్రీన్‌షాట్‌తో గేటు దగ్గర పనిచేయదు.

హోమ్ స్టాండులో టికెట్ కొని నోరు మూసుకుని కూర్చుంటే?

గోల్ పడినప్పుడు నోరు మూసుకోవడం మీ వల్ల కాదు. దొరికితే బయటికి పంపేస్తారు, టికెట్ నిబంధనల్లోనే ఆ మాట ఉంటుంది.

మొత్తం స్టేడియమే మారిపోయిన సందర్భం ఒకటుంది. 2022 ఏప్రిల్ 14న బార్సెలోనా గ్రౌండ్‌లో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్. జర్మన్ క్లబ్బు ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఇచ్చిన కోటా 5,000. కానీ బార్సెలోనా సీజన్ టికెట్‌వాళ్ళు తమ టికెట్లు అమ్ముకోవడంతో దాదాపు 30 వేల మంది జర్మన్లు లోపలికి వచ్చేశారు, గ్రౌండ్ అంతా తెల్ల చొక్కాలే. ఫ్రాంక్‌ఫర్ట్ 3-2తో గెలిచింది. జర్మన్లు ఎంత పండగ చేసుకున్నా, భద్రత వైపు నుంచి చూస్తే అది భయపడాల్సిన రాత్రి. ఆ రోజు గొడవ జరగకపోవడం అదృష్టం.

కోటా అంతా అమ్ముడుపోకపోతే?

వెనక్కి పంపుతారు. అవసరం లేదనుకుంటే క్లబ్బు ముందే తక్కువ తీసుకోవచ్చు. 2019లో ఆర్సెనల్, చెల్సీ యూరోపా లీగ్ ఫైనల్‌ని అజర్‌బైజాన్‌లోని బాకూలో పెట్టారు. 68 వేల మంది పట్టే స్టేడియంలో ఒక్కో క్లబ్బుకి 6,000 ఇచ్చారు, అంత దూరం వెళ్ళలేక అవి కూడా అన్నీ అమ్ముడుపోలేదు. రెండూ లండన్ జట్లే.

అవే అభిమానులని అసలు రానివ్వని చోట్లు ఉన్నాయా?

అర్జెంటీనాలో 2013లో లా ప్లాటా ఊళ్ళో లానుస్ క్లబ్బు అభిమాని ఒకరు చనిపోయాక అవే అభిమానుల మీద నిషేధం పెట్టారు. అది ఏళ్ళ తరబడి సాగి, ఈ మధ్యే కొద్దికొద్దిగా సడలుతోంది. ఇటలీలో గొడవలు జరిగే మ్యాచ్‌లకి ఫలానా ప్రాంతంవాళ్ళకి టికెట్ అమ్మొద్దని ప్రభుత్వ అధికారులే ఆదేశాలిస్తారు. నెదర్లాండ్స్‌లో కొన్ని మ్యాచ్‌లకి అభిమానులు క్లబ్బు చెప్పిన బస్సులోనో రైలులోనో మాత్రమే వెళ్ళాలి, సొంతంగా వెళ్తే లోపలికి రానివ్వరు. మొత్తంగా నిషేధించడం చేతకానితనమని నా అభిప్రాయం, వందమంది రౌడీల కోసం వేలమందిని ఇంట్లో కూర్చోబెట్టినట్టు.

మందు, బ్యాగు?

మ్యాచ్‌కి ప్రత్యేకంగా కట్టిన కోచ్‌లో మందు తీసుకెళ్ళడమే నేరం, 1985 నుంచి. స్టాండులో గ్రౌండ్ కనిపించే చోట తాగకూడదు. పెద్ద బ్యాగు వద్దు. రంగు పొగల ఫ్లేర్లు ఎవరైనా చేతికిచ్చినా పట్టుకోకండి, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి పోలీసు కేసు చిన్న విషయం కాదు.

శ్రీకాకుళంలో ఉండే కొనొచ్చా? వచ్చే నెలలో రెండు వారాల కోసం వెళ్తున్నాను.

మెంబర్‌షిప్ ఎక్కడినుంచైనా తీసుకోవచ్చు. మన దేశంలో ఉన్న అధికారిక ఫ్యాన్ క్లబ్బుల ద్వారా టికెట్లు దొరికే వీలున్నా, అవి ఎక్కువగా హోమ్ మ్యాచ్‌లకే. రెండు వారాల ప్రయాణంలో అవే టికెట్ మీద ఆశ పెట్టుకోకుండా హోమ్ మ్యాచ్ చూడండి, వీలైతే అవే ఎండ్ కనిపించే వైపు సీటు తీసుకోండి.

మనకి దగ్గర్లో అవే అభిమానులతో కలిసి చూడగలిగే మ్యాచ్ ఏది?

హౌరా మెయిన్ లైను మీద ఉన్నాం కాబట్టి ఆ విషయంలో మనది మంచి చోటే. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కితే ఒడిశా ఎఫ్‌సీ సొంత గ్రౌండ్ కళింగ స్టేడియం ఉన్న భువనేశ్వర్‌కి పూట ప్రయాణం, ఇంకాస్త ముందుకెళ్తే కోల్‌కతా. కేరళ బ్లాస్టర్స్ వాళ్ళ మంజప్పడ లాంటి అభిమాన సంఘాలు ఎంత దూరమైనా గుంపుగా వస్తాయి. ఒంటరిగా వెళ్ళేకన్నా ఆ సంఘాలతో ముందే మాట్లాడుకుని, వాళ్ళు కూర్చునే స్టాండులోనే టికెట్ తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు స్టాండు పేరు చూసుకోండి, చొక్కా రంగు కూడా చూసుకోండి.